గ్రహణం వల్ల కాదట

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
16 అక్టోబరు 2023

తమ్ముడు నూకరాజుకి,

అప్ప దీవెనలు. మీరంతా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ నేనూ పోలమ్మా బాగానే ఉన్నాం. నీ మేనల్లుడు సాయికుమార్ ఎప్పుడూ రైలు బండి మీదే. అసిస్టెంటు లోకో పైలట్ అయ్యాక వాడికి ఇల్లంటే బట్టలు మార్చుకునే చోటు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నీకు ఆఁ, ఊఁ తప్ప మాట రాదు, వెనకాల నీ పిండిమర మోత ఒకటి. ఉత్తరమైతే నువ్వు మధ్యలో పెట్టెయ్యలేవు.

పూజ పందిళ్లు లేస్తున్నాయి. ఊరంతా సందడే, మా లైనే బోసిగా ఉంది. పక్క క్వార్టరుకి తాళం. ఎదుటిది కూలగొట్టి అలాగే వదిలేశారు. తెలుగువాళ్లు ఒక్కొక్కరే రిటైరై తాల్‌బగీచాలో ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారు. పోలమ్మతో నా మాటలన్నీ చేతులతోనే కదా, రోజంతా నా గొంతు నాకే వినపడని రోజులుంటాయి తమ్ముడూ. అందుకే, తెలుగు బడిలో ఆదివారం సైన్సు ఉపన్యాసం అని ఆటోలో మైకు పెట్టి చెబుతుంటే, ఏ సైన్సయితే నాకేం, తెలుగు చెవిన పడుతుందని పోలమ్మని తీసుకుని వెళ్లాను.

చెప్పింది ఆశ్రిత అని, కరీంనగర్ వైపు పిల్ల. ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేస్తోందట. రైల్వేవాళ్లకి తెలుగులో సైన్సు చెబుతానని తనంతట తనే మొదలుపెట్టింది. వచ్చిన జనం కంటే కుర్చీలే ఎక్కువ. అయినా హాలు నిండినట్టే మాట్లాడింది. ఈ నెలాఖరుకి చంద్రగ్రహణం కదా, దాని గురించి. టార్చిలైటు ముందు ఒక రబ్బరు బంతి, ఒక నిమ్మకాయ తిప్పి నీడ ఎలా పడుతుందో చూపించింది. అందరికంటే ముందు పోలమ్మకే అర్థమైంది. నిమ్మకాయ మీద నీడ పడగానే గట్టిగా నవ్వేసింది. దాని నవ్వు ఎంత పెద్దదో దానికి తెలియదు, అందరూ తిరిగి చూశారు.

చివర్లో నేను చెయ్యెత్తాను. "అమ్మా, కడుపుతో ఉన్నోళ్లు గ్రహణంలో బయటికొస్తే పిల్లలకి ఏటైనా అవుద్దా?" అన్నాను. ఆ పిల్ల, "ఏం కాదు ఆంటీ. అది ఒట్టి నీడ. చెట్టు నీడలో నిలబడితే మనకేమన్నా అవుతుందా?" అంది.

నీకు గుర్తుందా? పోలమ్మ నా కడుపులో ఉండగా దీపావళి రోజుల్లో పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది. లైనంతా తలుపులు మూసుకున్నారు. కుళాయి దగ్గర ఒక్కరూ లేరని సంబరపడి నేను రెండు బకెట్లు నింపుకొచ్చాను. పోలమ్మకి పుట్టు చెవుడని తెలిసిన రోజు నుంచి, తను పోయేవరకూ, అమ్మమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది, "గ్రేణంలో నీలకెల్లిపోనాది, దాని ఫలితమే ఇది" అని. మావని చేసుకున్న పాపానికి అమ్మమ్మే నాకు అత్తగారు, ఎవరికి చెప్పుకుంటాను? మావ నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కాదనీ అనలేదు.

హాల్లోంచి బయటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను. తప్పు నాది కాదని ఎవరికైనా చెప్పాలి. అమ్మమ్మ లేదు, అమ్మ లేదు, మావ లేడు. నువ్వున్నావు.

ఇక అసలు సంగతి. సాయికీ కళ్యాణికీ మాఘమాసంలో ముహూర్తం పెట్టించు. వాళ్లిద్దరూ రోజూ ఫోన్లో గుసగుసలే, మనం ఆలస్యం చెయ్యడం దేనికి? నా స్వార్థం కూడా దాచను. సాయికి చేతులు తిరగవు. తిన్నావా, పడుకో, అంతవరకే వాడి భాష. వేసవి సెలవులకొచ్చి పోలమ్మతో చేతి మాటలన్నీ నేర్చుకున్నది నీ కూతురొక్కతే. నా తర్వాత పోలమ్మతో మాట్లాడటానికి ఈ ఇంట్లో ఒక మనిషి ఉండాలి. పరాయి పిల్లయితే దానికి అన్నం పెడుతుందేమో గాని, దానితో కబుర్లు చెప్పదు. ముక్కు పక్కన వేలు పెడితే కళ్యాణి అని అర్థం, ముక్కుపుడక ఉంది కదా. పోలమ్మ రోజుకి పదిసార్లు ముక్కు ముట్టుకుని ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

మరదలు సింహాచలాన్ని అడిగానని చెప్పు.

నీ అప్ప
రాధారాణి

*

కాశీబుగ్గ
1 నవంబరు 2023

అప్పకి,

నూకరాజు దండాలు. ఉత్తరం అందింది. సింహాచలం రెండుసార్లు చదివించుకుంది. మర బెల్టు తెగి రెండు రోజులు పని ఆగింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు చెయ్యెత్తి ప్రశ్న అడిగావా! బడిలో మాస్టారు పేరు పిలిస్తే బెంచీ కింద దూరేదానివి. నాకు నమ్మకం కలగడం లేదు, సాయిని సాక్ష్యం అడుగుతాను.

నువ్వన్నది చదివి మనసుకి కష్టమైంది. అమ్మమ్మ నోరు అలాంటిది. కానీ ఒక్క మాట అప్పా. గ్రహణం కాకపోతే మరి దేనివల్ల? మన పోలమ్మకే ఎందుకు అలా అయింది? ఊరికే అవదు కదా. ఆ అమ్మాయి గ్రహణం కాదని చెప్పి చేతులు దులుపుకుంటే ఎలా? మళ్లీ చెయ్యెత్తి అడుగు. నేనయితే మొన్న గ్రహణానికి మర కట్టేశాను. నీడే కావచ్చు. కానీ గ్రహణం రోజున పిండి పట్టించడానికి ఎవడొస్తాడు?

పంతులు ఫిబ్రవరిలో రెండు ముహూర్తాలు చెప్పాడు. కళ్యాణి ఆసుపత్రిలో సెలవు అడిగింది. నర్సులకి పెళ్లి సెలవు ఇవ్వాలంటే ఆసుపత్రివాళ్లు రోగం వచ్చినట్టు చూస్తారట. మొన్న అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతుంటే సింహాచలం భయపడి, "ఏటే, గాలేటైనా సోకినాదేటే?" అంది. పోలమ్మ వదినకి కొత్త మాటలు నేర్పాలి, మర్చిపోతానేమో అని చూసుకుంటున్నానంది మన పిల్ల. నీకూ పోలమ్మకీ ఇక బెంగ అక్కర్లేదు.

తమ్ముడు
నూకరాజు

*

ఖరగ్‌పూర్
20 నవంబరు 2023

తమ్ముడికి,

దీవెనలు. చలి మొదలైంది. పోలమ్మకి కాళ్లు పగిలాయి, వెన్న రాస్తున్నాను. నువ్వు అడగమన్నావు కదా, నిన్నటి ఉపన్యాసం సరిగ్గా ఆ సంగతే. పిల్లలకి తల్లిదండ్రుల పోలికలూ రోగాలూ ఎలా వస్తాయి అని.

ఈసారి ఆశ్రిత పేకముక్కలు పట్టుకొచ్చింది. పేక అనగానే రిటైరైన ఫిట్టర్లందరూ ముందు వరసలోకి జరిగారు. ఒకాయన, "జోకరు ఉంటాదా అమ్మా?" అన్నాడు. ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. మనిషికి ప్రతి సంగతికీ రెండు ముక్కలుంటాయట. ఒకటి అమ్మిచ్చింది, ఒకటి నాన్నిచ్చింది. ఒకటి చెడ్డదైనా రెండోది మంచిదైతే ఆ మనిషికి ఏ లోపమూ ఉండదు. చెడ్డది కింద దాక్కుంటుంది. అలా దాక్కునే పిల్లలకీ, మనవలకీ పోతుంది. రెండు చెడ్డ ముక్కలూ ఒకే బిడ్డకి పడితేనే బయటపడుతుంది. పుట్టు చెవుడు కూడా చాలాసార్లు ఇలాంటిదేనట. పరాయివాళ్ల సంబంధమైతే అదే చెడ్డ ముక్క ఇద్దరి దగ్గరా ఉండటం అరుదు. ఒకే ఇంటివాళ్లయితే, తాత దగ్గర్నుంచి ఒకే ముక్క ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. మేనరికాల గురించి కూడా చెప్పింది. ఎవరినీ తప్పు పట్టకుండా మెత్తగానే చెప్పింది.

నేను చెయ్యెత్తలేదు. మావ అమ్మకి తమ్ముడు కదా అని ఒక్కటే ఆలోచన. ఇంటికొచ్చి అన్నం వండటం కూడా మర్చిపోయాను. పోలమ్మ వచ్చి పొయ్యి చూపించింది.

తమ్ముడూ, పెళ్లి ఒక ఏడాది ఆపుదాం. ఇప్పుడు ఎందుకని అడగకు. క్వార్టర్లు కూలుస్తామంటున్నారు, సాయికి ట్రైనింగు కూడా ఉండొచ్చు. కళ్యాణికి నువ్వే నచ్చజెప్పు.

అప్ప

*

కాశీబుగ్గ
2 డిసెంబరు 2023

రాధారాణి గారికి,

అప్పా అని రాయడానికి చెయ్యి రాలేదు.

పేజీడు పేకాట రాసి, చివర్న రెండు లైన్లలో పెళ్లి ఆపేశావు. ఆ పేకముక్కల గోల నాకు అక్కర్లేదు, సగంలోనే వదిలేశాను. నేను వెతికింది కారణం. క్వార్టరు కూలితే పెళ్లి ఆగుతుందా? ట్రైనింగు "ఉండొచ్చా"? నేను పిండిమర వాడినే గాని పిచ్చివాణ్ని కాను.

మన వీధి అమర్‌నాథ్ కొడుకుని పరీక్షకి దించడానికి ఖరగ్‌పూర్ వచ్చాడు. మలంచా రోడ్డులో సాయి బండి వెనక కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి కూర్చుని ఉందట, నవ్వుకుంటూ పోతున్నారట. అడగకుండానే వచ్చి చెప్పాడు. ఇదన్నమాట ట్రైనింగు. బెంగాలీ పిల్ల దొరికిందని ఒక్క మాట సూటిగా రాస్తే సరిపోయేది. చిన్నప్పటి నుంచీ నా కూతురికి నీ కొడుకు పేరు చెప్పి పెంచాం. ఊళ్లో అందరికీ తెలుసు. ఏడాది ఆగాక నువ్వు కాదంటే దాన్ని ఎవరు చేసుకుంటారు?

కళ్యాణి ఏడవలేదు. సాయి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, అన్నం దగ్గర కూర్చుని లేచిపోతోంది. నాకు అదే భయంగా ఉంది.

నూకరాజు

*

ఖరగ్‌పూర్
9 డిసెంబరు 2023

తమ్ముడూ,

కోపంలో కూడా ఉత్తరం రాశావు, అది చాలు నాకు. ఫోన్ చేశాను. సింహాచలం ఎత్తి, "ఇంట్లో నేరండి" అంది. నీ మర మోత నాకు వినపడుతూనే ఉంది.

సాయి బండి వెనక కూర్చున్నది ఆశ్రిత. ఉపన్యాసం అయ్యాక ఆమెనూ ఆమె బొమ్మలు చూపించే తెరనూ మలంచా బస్సు దగ్గర దించిరమ్మని నేనే పంపాను. నవ్వారంటే నవ్వి ఉంటారు. ఆ రోజు మనుషులు కోతుల నుంచి వచ్చారా అన్న ఉపన్యాసం. రిటైర్డ్ గార్డు సిరిల్ గారు లేచి, "మేడమ్, నా కుటుంబంలో కోతులు లేవు" అన్నారు. ఆయన భార్య ఏంజెలా, "నేను కాపరానికెళ్లేటప్పటికి ఒకటి ఉంది" అంది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు సూటిగా రాస్తున్నాను. నువ్వు వదిలేసిన ఆ సగమే కారణం. మావా నేనూ ఒకే ఇంటివాళ్లం. మా ఇద్దరి దగ్గరా ఆ చెడ్డ ముక్క ఉండి పోలమ్మకి రెండూ పడ్డాయేమో. సాయి దగ్గర ఒకటి దాగి ఉండొచ్చు. నీ దగ్గరా, కళ్యాణి దగ్గరా ఉండొచ్చు. సాయికీ కళ్యాణికీ మళ్లీ మాట వినపడని బిడ్డ పుడితే? ఇన్నేళ్లూ గ్రహణం అనుకుని నన్ను నేను తిట్టుకున్నాను. ఇప్పుడు తెలిసి తెలిసి ఎలా చెయ్యను?

ఆశ్రిత దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె గాభరా పడింది. "ఆంటీ, నేను ఉపన్యాసం చెప్పేదాన్నే, డాక్టర్ని కాదు. పోలమ్మ చెవుడు దీనివల్లేనని చూడకుండా చెప్పలేం. పెళ్లి ఆపమని నేను అనలేదు, పరీక్ష చేయించుకోమంటున్నా" అంది. కలకత్తాలో చేస్తారట. ముందు పోలమ్మ రక్తం చూస్తారు, ఏ ముక్కో తెలిస్తే సాయిది చూస్తారు. సాయికి లేకపోతే ఆ భయం లేనట్టే. ఉంటే అప్పుడు కళ్యాణిది చూస్తారు.

నేను పెళ్లి వద్దనడం లేదు. ముందు చూపించుకుందాం అంటున్నాను. కిందటి ఉత్తరంలోనే ఇలా రాసి ఉంటే సరిపోయేది. మీ రక్తంలో లోపం ఉంది అన్నట్టు ఉంటుందని జంకాను. నీ రక్తం నా రక్తం కాదా?

అప్ప

పదహారో తారీఖు: ఈ ఉత్తరం రాసి వారం రోజులు బియ్యం డబ్బా మీదే పెట్టాను. చదివి నువ్వు నన్ను పూర్తిగా వదిలేస్తావని భయం. సాయి చూసి కోప్పడ్డాడు. ఇప్పుడే పోస్టు చేస్తున్నాను.

*

కాశీబుగ్గ
21 డిసెంబరు 2023

అప్పా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పద్నాలుగో తారీఖున తాంబూలాలు మార్చుకున్నాం.

ఇచ్ఛాపురం సంబంధం, ప్రేమ్‌కుమార్ అని, బ్యాంకులో ఉద్యోగం. ధనుర్మాసం రాకముందే అయిపోవాలని వాళ్లు తొందరపెట్టారు. నేనూ తొందరపడ్డాను. అప్ప కాదంటే నా కూతురికి మగవాడు దొరకడా అని చూపించాలనుకున్నాను. కళ్యాణిని అడిగితే, "మీ ఇష్టం నాన్నా" అంది. ఆ మాట అన్న తీరు నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఉత్తరం నిన్న దానికి ఇచ్చాను. చదివి మడిచి నా చేతికిచ్చింది. "అత్త రక్తం అడిగితే ఇచ్చీదాన్ని కదా నాన్నా. రోజూ ఎంతమందికి తీస్తన్నాను" అంది. టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. నేను మర దగ్గరకెళ్లి కూర్చున్నాను, కానీ స్విచ్ వెయ్యలేదు.

అక్కడ మాటిచ్చేశాం. నలుగురిలో తాంబూలం పుచ్చుకుని వెనక్కి తగ్గితే వాళ్లు ఊరుకోరు, నాకూ ముఖం లేదు. పెళ్లి ఫిబ్రవరి ఆఖర్లో.

ఒక్కటి మాత్రం అడుగుతాను, కోపంతో కాదు. నీ లెక్క ప్రకారం నువ్వు మావని చేసుకోకుండా ఉంటే పోలమ్మ పుట్టేది కాదు. పోలమ్మ పుట్టకుండా ఉంటే బాగుండేదనా?

తమ్ముడు

*

ఖరగ్‌పూర్
12 ఫిబ్రవరి 2024

తమ్ముడికి,

దీవెనలు. ఇన్నాళ్లూ రాయలేదు, తప్పుగా అనుకోకు. శుభలేఖ అందింది. పసుపు బాగా రాశారు.

నువ్వడిగిన ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఆశ్రితని కూడా అడిగాను. ఆ పిల్ల, "దానికి నా దగ్గర జవాబు లేదు ఆంటీ" అంది. పోనీలే, తెలియనిది తెలియదంది. నా జవాబు నేను చెబుతాను. పోలమ్మ లేని ఇల్లు నాకు వద్దు. దాని మొహం చూడకుండా నాకు తెల్లవారదు. కానీ రోడ్డు మీద వెనక నుంచి లారీ హారన్ కొడుతుంటే దాని చెయ్యి పట్టుకుని లాగిన తల్లిని నేను. పెళ్లిళ్లలో నలుగురి మధ్య అది ఎవరి మొహం చూడాలో తెలియక ప్లేటు చూసుకుంటూ కూర్చుంటే పక్కన ఉన్నది నేను. అదే బతుకు ఇంకో బిడ్డకి నా చేతులతో ఇవ్వడానికి భయపడ్డాను. ఈ రెండూ నిజమే. రెండిటినీ ఒకచోట పెట్టడం నాకు చేతకావడం లేదు.

నీ ఉత్తరం వచ్చాక కూడా ఉండబట్టలేక పోలమ్మకీ సాయికీ రక్త పరీక్ష చేయించాను, రిపోర్టు వచ్చింది. సాయి ఆశ్రితని వెంటబెట్టుకుని కలకత్తా వెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. పోలమ్మకి ఆ చెడ్డ ముక్కలు రెండూ ఉన్నాయి. గ్రహణం కాదు, నీళ్ల బకెట్లు కాదు. సాయికి ఒక్కటీ లేదు. వాడికి రెండూ మంచివే పడ్డాయి. కళ్యాణిని చేసుకున్నా వాళ్ల పిల్లలకి ఈ చెవుడు వచ్చేది కాదట.

నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పి ఏం లాభం, నీ గుండె కూడా మండటం తప్ప. కానీ ఒక ఉత్తరం దాచినందుకే ఇంత జరిగింది. అందుకని రాస్తున్నాను. కళ్యాణికి మాత్రం చెప్పకు. చల్లగా కాపురం చేసుకోనీ. సాయి ఆ కాగితం చదివి స్నానం చేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. లైను మీద ఎలా ఉన్నాడో ఏమో. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. మావ పోలికే.

ఆశ్రితకి పుణేలో ఉద్యోగం వచ్చింది. నిన్న చివరి ఉపన్యాసం. నక్షత్రాల గురించి చెప్పిందట, నేను వెళ్లలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పిపోయింది. "నేను చెప్పకపోతే బాగుండేదా ఆంటీ?" అని ఏడ్చింది. "నువ్వు సెప్పింది నిజమేనమ్మా. నానే బేగి సెప్పనేదు మా తమ్ముడికి" అన్నాను. టీ పెట్టిచ్చాను. ఆమె వెళ్లాక వీధిలో తెలుగు మాట లేదు.

పోలమ్మ సంగతి. కళ్యాణి ఈ ఇంటికి రాదని దానికి ఇన్నాళ్లూ నేను చెప్పలేదు. తన మంచం గోడవైపు జరుపుకుని కళ్యాణి పెట్టె పెట్టుకోవడానికి చోటు చేసింది. శుభలేఖ చూసి ఎగిరి గంతేసింది. అక్షరాలు రావు కదా, సాయి పెళ్లే అనుకుంది. ఇక దాచడం పాపమని నిన్న కూర్చోబెట్టి చెప్పాను. కళ్యాణికి పెళ్లి, సాయితో కాదు, వేరే ఊరు, వేరే ఇల్లు. మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత చాలాసేపు నా చేతులకేసి చూసింది, ఇంకేమైనా చెబుతాయేమోనని. అప్పుడు తన చెవి ముట్టుకుంది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, నా వైపు కనుబొమలెత్తింది. నా వల్లా, అని.

కాదు అన్నాను. నీ వల్ల కాదు అని రెండు చేతులూ ఊపి చెప్పాను. అది తల ఊపింది. నమ్మలేదు తమ్ముడూ. తల్లి అబద్ధం చెబితే చేతుల్లో తెలిసిపోతుంది దానికి.

పెళ్లికి నేనూ పోలమ్మా వస్తాం. మేనత్తని, రాకపోతే ఊరంతా ఏదో అంటారు, అది కళ్యాణికి మంచిది కాదు. ముందురోజు సాయంత్రానికే దిగుతాం. నిన్ను ఒకటే కోరుతున్నాను. ఎంత హడావిడి ఉన్నా, చుట్టాలు ఎంతమంది పిలుస్తున్నా, ఆ సాయంత్రం కళ్యాణిని పోలమ్మ పక్కన కాసేపు కూర్చోబెట్టు. నా మాట దానికి చాలలేదు. కళ్యాణి చెబితే నమ్ముతుంది.

నీ అప్ప
రాధారాణి